నంబరు తాళానికి తలపిన్ను

ఇదొక మహాసంగ్రామ గాథ. ఇందులో ఉక్కు ఉంది, చెమట ఉంది, కన్నీళ్ళున్నాయి, ఒక పెళ్ళికూతురి ఆశ ఉంది. వీరుడు ఒంటరిగా, నిరాయుధుడై, కోట తలుపు ముందు మోకరిల్లిన ఘట్టం కూడా ఉంది.

కాదులెండి. కోట తలుపంటే సిడ్నీ శివారు బ్లాక్‌టౌన్‌లో మేము అద్దెకు తీసుకునే ఒక చర్చి హాల్లో ఉన్న చెక్క బీరువా. వీరుణ్ణి నేనే. మోకరిల్లింది తాళంకప్ప మరీ కింద ఉండబట్టి. నిరాయుధుణ్ణీ కాను, జేబులో అమ్మ తలపిన్ను ఉంది. కన్నీళ్ళు చలికి కారినవి.

ముందు తాళం సంగతి చెప్పాలి. ఎనభైల చివర్లో స్కూలు వదిలినప్పుడు నాతోపాటు బయటికి వచ్చిన ఆస్తి లాకరు తాళం ఒక్కటే. ముందువైపు గుండ్రటి డయల్, దాని చుట్టూ అంకెలు. మూడు అంకెలు వరసగా కలిపితే తెరుచుకుంటుంది. వెనక్కి తిప్పి చూస్తే తాళంచెవి పెట్టే చోటొకటి ఉంటుంది. పిల్లలు నంబరు మరిచిపోతారని అన్ని లాకర్లకూ పనికొచ్చే చెవి ఒకటి ఆఫీసులో పెట్టుకుంటారు, దానికోసం అది. నా తాళం నంబరు నాకు కంఠతా వచ్చు. అయినా వెనకవైపు నుంచే, చెవి లేకుండా తెరవాలని పట్టుబట్టాను. వీధి తలుపు బార్లా తీసి ఉండగా గోడ దూకేవాణ్ణి ఏమంటారో నన్నూ అదే అనొచ్చు.

వీధులూడ్చే బండి బ్రష్షుల నుంచి రాలిన ఉక్కు పుల్లలు రోడ్డు వారన దొరికేవి. ఒకటి ఏరి కొస వంచాను. తలపిన్ను కూడా వంచి లోపల పెట్టి, కాస్త తిప్పి పట్టుకుని, ఉక్కు పుల్లతో లోపలి చిన్న చిన్న మేకుల్ని ఒక్కొక్కటే పైకి నెట్టాలి. సరిగ్గా నెడితే ‘టిక్’ మంటుంది. యూనివర్సిటీలో లెక్చరరు మైకులో చెప్పినా వినబడని నా చెవులకి ఆ టిక్కు మాత్రం భేషుగ్గా వినబడేది. తెరిచి, మూసి, మళ్ళీ తెరిచి, చివరికి ఆ తాళం ఎంత అరిగిపోయిందంటే గట్టిగా తుమ్మినా ఊడొచ్చేలా ఉండేది. నేను మాత్రం నా చెయ్యి తిరిగిందనుకున్నాను.

“ఈ దేశంలో దొంగతనానికి కూడా ప్రాక్టికల్స్ ఉంటాయన్నమాట,” అనేవారు నాన్న. అమ్మ మాత్రం చర్చిలో ఆంటీలందరికీ చెప్పుకునేది, మావాడికి తాళాల్లో మంచి పేరుందని. ఆ పేరు ఎవరి దగ్గరుందో చెప్పేది కాదు.

అలా ఉండగా ఇక్కడ చలికాలమైన జూలైలో ఒక శనివారం, మన తెలుగు చర్చికి వచ్చే ఒక నర్సు అక్క పెళ్ళి జరిగింది. ఆవిడ తల్లికి వీసా రాలేదు. వాళ్ళ ఊళ్ళో ప్రతి పెళ్ళికూతురి చేతా పాడించే కీర్తన ఒకటుందట. అది పాడి, క్యాసెట్టు చేసి అమ్మకి పంపాలని అక్క కోరిక. హార్మోనియం లేకపోతే తన శ్రుతి ఏ ఊరు వెళ్తుందో తనకే తెలీదని ముందే చెప్పింది. హార్మోనియం బీరువాలో ఉంది. బీరువాకి నా దానిలాంటిదే నంబరు తాళం ఉంది. నంబరు చర్చిలో హార్మోనియం వాయించే అంకుల్‌కి తెలుసు.

తెలుసనే అనుకున్నాం. ఆయన అంకెల్ని అంకెలుగా గుర్తుపెట్టుకోలేదు. మూడు కీర్తనలు గుర్తుపెట్టుకున్నారు, పుస్తకంలో వాటి నంబర్లే తాళం నంబర్లు. మొన్ననే కొత్త ముద్రణ పుస్తకాలు తెప్పించాం. అందులో నంబర్లన్నీ మారిపోయాయి.

“పాత పుస్తకాలు ఎక్కడున్నాయి అంకుల్?” అన్నాను.

ఆయన బీరువా వైపు చూశారు.

హాలు చూసుకునే ఆయన దగ్గర వెనకవైపు పెట్టే చెవి ఉంటుందని బయట టెలిఫోన్ బూత్‌లోంచి ఫోన్ చేస్తే, ఫుట్టీ, అదే రగ్బీ మ్యాచ్, చూడ్డానికి వెళ్ళాడంది వాళ్ళావిడ. అప్పుడు హాలంతా వినబడేలా అమ్మ గొంతు లేచింది. “మావాడున్నాడుగా! కప్ప చూస్తేనే తెరిచేస్తాడు.”

చూశాను. తెరుచుకోలేదు.

అది ఎవరూ గెలకని తాళం, బిగుసుకుని ఉంది. నేను ప్రపంచంలో ఒకే ఒక్క తాళం తీయగల నిపుణుణ్ణని అప్పుడు అర్థమైంది. “చమురు వెయ్యరా,” అంది ఒక ఆంటీ. హ్యాండ్‌బ్యాగులోంచి కొబ్బరినూనె సీసా తీసి, గడ్డకట్టిందని వేడినీళ్ళలో పెట్టి కరిగించి మరీ ఇచ్చింది. పోశాను. ఆ చల్లటి ఇనుములో అది క్షణంలో నెయ్యిలా పేరుకుంది. ఇప్పుడు తాళం బిగుసుకోవడమే కాదు, ఘుమఘుమలాడుతోంది కూడా.

“సీల్ చేశావ్ కదరా బాబూ,” అన్నాడు పెళ్ళికొడుకు తరఫు కుర్రాడొకడు. “గుడ్ జాబ్, మేట్.”

తెల్లచీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని అక్క వచ్చి నా పక్కన కూర్చుంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

“తమ్ముడూ, నిజం చెప్పు. తెరుచుకుంటుందా?”

“తెరుచుకుంటుందక్కా.”

“ఎప్పటికి?”

“మీ పెద్దబ్బాయి పెళ్ళికి.”

ఏడుస్తుందనుకున్నాను. ఫక్కున నవ్వింది. లేచి, “అంకుల్, నోటితో శ్రుతి ఇవ్వండి, పాడేస్తాను. రికార్డర్ నొక్కండి,” అంది.

అంకుల్ “ఆ...” అని పట్టుకున్నారు. ఆయనకి ఊపిరందనప్పుడు పాస్టర్ గారు అందుకున్నారు. అక్క శ్రుతి రెండో చరణంలో ఊరు దాటబోయింది. ఆంటీలందరూ గొంతు కలిపి వెనక్కి లాక్కొచ్చారు. అందరూ కళ్ళు తుడుచుకుంటున్నారు. నేను మాత్రం గీకుతూనే ఉన్నాను, ఆపితే ఓడిపోయినట్టుంటుందని.

“ఆమేన్” అన్నారు. టక్కున తాళం ఊడి నా చేతిలోకి వచ్చింది.

“తెరుచుకుంది!” అని అరిచాను. ఒకరిద్దరు తిరిగి చూసి, మళ్ళీ అటు తిరిగారు. అక్క రికార్డర్ ఆపి, టేపు వెనక్కి తిప్పి వినడం మొదలెట్టింది. పాట వెనకాల ఎలక గోడ తొలుస్తున్నట్టు నా గీకుడు, మధ్యలో “ఒరేయ్, ఇక ఆపరా” అని అమ్మ గొంతు, చివర్లో టక్కు, నా కేక.

“మళ్ళీ పాడతావా అమ్మా, హార్మోనియంతో?” అన్నారు అంకుల్.

“వద్దంకుల్, ఇదే పంపుతా. ఎవరెవరు వచ్చారని అమ్మ ఎలాగూ అడుగుతుంది. అందరూ ఇందులో ఉన్నారు,” అంది అక్క.

నేను హార్మోనియం బయటికి తీయబోయాను. “ఇప్పుడెందుకురా, అక్కడే ఉండనీ,” అంది అమ్మ.

అంతలో ఫుట్టీ నుంచి హాలాయన వచ్చాడు. మా బుకింగ్ నాలుగింటి వరకే, తర్వాత కరాటే క్లాసు. ఆలోగా కుర్చీలు మేమే మడిచి గోడవారన ఎనిమిదేసి చొప్పున పేర్చాలి. తొమ్మిదోది పెడితే జారిపోతాయి.