పొయ్యి బందు పిలుపు

నిన్న సాయంత్రం మనవరాలు జర్మనీ నుంచి వీడియోలో మాట్లాడింది. చదువుకోవడానికి వెళ్లి ఇంకా నెల నిండలేదు. ఫోను పైకెత్తి పట్టుకుని ఆ వీధులన్నీ తిప్పి తిప్పి చూపించింది. నాకు ఏదీ సరిగా ఆనలేదు గానీ, దాని గొంతులోని ఆ తొందర మాత్రం బాగా తెలిసినదే. "అమ్మమ్మా, గింత పెద్ద ఊర్ల నాకు ఒక్కలు గూడ తెల్వది" అంది. తెలియకపోతే ఏమాయెనే, నేనూ పరదేశంలోనే చదువుకున్నాను అన్నాను. పకపకా నవ్వింది. నవ్వదా మరి! నా పరదేశం కరీంనగర్.

మా చెన్నూరు వాళ్లకు గోదావరి అవతలిదంతా పరదేశమే. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డ కొత్తలో టీచర్ ట్రైనింగుకని నన్నూ, మా మేనత్త కూతురినీ బాపు తోలుకెళ్లాడు. ఆమె నాకు వదినె వరస. వయసులో నాకంటే ఒక ఏడాది పెద్ద, నోటి జోరులో పదేళ్లు పెద్ద. మంచిర్యాలలో రైలెక్కి, పెద్దపల్లిలో దిగి, బస్సులో దుమ్ము మింగుతూ కరీంనగర్ చేరాం. ఆడపిల్లలకు ఊరుగాని ఊళ్లో చదువేమిటని మా వాడ వాడంతా ముక్కున వేలేసుకున్న రోజులవి. అందుకే హాస్టలు గడపలో బాపు ఒకే మాట అన్నాడు. "సూడు బిడ్డా, మీ మీద ఒక్క మాట నా చెవులవడ్డా, తెల్లారి వచ్చి ఇద్దర్ని తోల్కపోత." బాపు అన్నాడంటే చేస్తాడు. పైగా వార్డెనమ్మ తన షరతు తాను పెట్టింది. ఆదివారం ఊరు చూసి రావచ్చు, కానీ తెలియని వాళ్ల గడప తొక్కితే ఇంటికి కబురు పోతుంది.

అబ్బ, ఆ మొదటి ఆదివారం! ఊళ్లోని పెద్ద కమాను కింద నిలబడి మెడలు నొప్పి పుట్టేదాకా పైకి చూశాం. సన్నని వెండి తీగను వంచి వంచి నెమలిని చేస్తున్న దుకాణం ముందు నుంచి వదినెను లాక్కురావడం నా వల్ల కాలేదు. రిక్షా గంటలు, అత్తరు, మిరపకాయ బజ్జీల నూనె వాసన, టాకీసు గోడ మీద మనిషికి రెండింతల బొమ్మలు. ఇది చూడే అంటే అది చూడే అని ఒకరి చెయ్యి ఒకరం గుంజుకుంటూ ఏ గల్లీలోంచి ఏ గల్లీలోకి పోయామో మాకే తెలియదు. కాళ్లు నేల మీద నిలిస్తేగా!

అలా పోతుండగా ఒక గల్లీలో డప్పు వినిపించింది. డప్పు కొడుతూ ఒకాయన పొయ్యి బందు, పొయ్యి బందు అని కేకేస్తున్నాడు. అంటే ఇవాళ ఎవరింట్లోనూ పొయ్యి ముట్టించొద్దు, ఇంటిల్లిపాదీ పెళ్లి భోజనానికి రావాలి అని. మా ఊళ్లో ఈ పిలుపు చెవినపడ్డ ప్రతి మనిషీ పిలిచినవాడే. పోకపోతే పెళ్లివారిని అవమానించినట్టు. అది ఆ ఒక్క గల్లీ వాళ్లకేనని, పట్నంలో ఊరంతటికీ అన్నం పెట్టరని మాకేం తెలుసు? నేను వార్డెనమ్మ మాట గుర్తు చేశాను. వదినె వింటేనా! "డప్పు కొట్టి పిలిచినోళ్లు తెల్వనోళ్లెట్లయితరే? పోకుంటె తప్పువట్టరా?" అంటూ ముందు నడిచింది.

పందిరి దగ్గర పెళ్లికొడుకు తల్లి ఎదురొచ్చింది. "పిల్ల తరపోళ్లా? గట్ల నిలవడ్డరేంది, లోపటికి రాన్రి" అంది. "పిలుపు విని వచ్చినమత్తా" అని వదినె ఉన్న మాటే చెప్పింది. ఆ హడావిడిలో ఎవరు విన్నారు! ఆడపిల్ల వాళ్లేమో మేం మగపిల్లవాడి తరపని మర్యాద చేశారు. రెండు మర్యాదలతో కడుపునిండా తిన్నాం. తిన్నాక మమ్మల్ని పెళ్లికూతురు పక్కన కూర్చోబెట్టారు. హుజూరాబాద్ పిల్ల, మా ఈడుదే. పొద్దున్నే మొట్టమొదటిసారి ఈ ఊళ్లో బస్సు దిగిందట. తల వంచుకునే, "అక్కా, మీరు మా అత్తగారోళ్లా?" అని గుసగుసగా అడిగింది. కాదు, చెన్నూరు వాళ్లం, డప్పు విని వచ్చాం అన్నాను. ఇక చూడాలి, బాసికం ఊగిపోయేలా లోలోపల నవ్వు! ఏడుస్తోందనుకుని ముసలమ్మలు వచ్చి వీపు నిమిరారు.

సరిగ్గా అప్పుడే పందిట్లోకి వార్డెనమ్మ వచ్చింది. ఆ గల్లీ చివరే ఆమె ఇల్లు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. "అయిపోయిందే, బాపు వచ్చి తోల్కపోతడు, నా సదువు గంగల గలిసింది" అని పెళ్లికూతురి చెవిలోనే ఏడుపు గొంతుతో అనేశాను. వార్డెనమ్మ మమ్మల్ని చూసింది. "మీరేందే ఈడ? మిమ్ములెవరు పిలిచిన్రు?" అత్తగారు ఆడపిల్ల వాళ్ల వైపు చూసింది. వాళ్లు అత్తగారి వైపు చూశారు. ఎంతో నోరున్న మా వదినె కూడా నా వెనక్కి జరిగింది.

అప్పుడు పెళ్లికూతురు తలెత్తింది. అత్తవారి పందిట్లో కొత్తకోడలు నోరు తెరవడం ఆ రోజుల్లో మామూలు మాట కాదు. "నేనే పిలిచిన. నా దోస్తులు" అంది. "ఓయమ్మో, మా కోడలికి నోరున్నదే!" అని అత్తగారు ఫక్కున నవ్వేసరికి అందరూ నవ్వారు. వార్డెనమ్మ నమ్మిందో లేదో, "దోస్తులైతె సరే. పొద్దుగూకక ముందు రాన్రి" అని భోజనానికి వెళ్లిపోయింది. హాస్టలు దాకా గల్లీ గల్లీ నవ్వుకుంటూ పరుగెత్తాం.

మరుసటి ఆదివారం వార్డెనమ్మను అడిగే ఆ ఇంటికి వెళ్లాం. నా చదువు నిలబెట్టావమ్మా అన్నాను. ఆ పిల్ల నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "మీ కోసం అనలే అక్కా. మిమ్ముల తోల్కపోతే గీ ఊర్ల నాకెవరున్నరు?"

ఆ తర్వాత ప్రతి ఆదివారం ముగ్గురమూ కలిసే కరీంనగర్ నేర్చుకున్నాం. కోడలిని మాతో అయితేనే పంపేది ఆ అత్తగారు. చదువు పూర్తయిన రోజు ఆ పిల్ల బస్టాండు దాకా వచ్చి చెయ్యి ఊపుతూ నిలబడింది. ఉద్యోగాల సంబరంలో ఉన్నాం మేమిద్దరం, ఇంటికి పోతున్నామని ఎగిరి గంతేస్తూ బస్సెక్కాం. ఇట్టే గడిచిపోయిన ఆ రెండేళ్లు మాకు చదువైతే, ఆ ఊళ్లో ఆమె బతుక్కు ఇంకా మొదలేనని, మా లాగా తిరిగి పోయే రోజు ఆమెకు లేదని పదిహేడేళ్ల వయసుకు తట్టలేదు, ఎనభై దాటాక తడుతోంది.