నీళ్లు గట్టు తాకినప్పుడు

మాస్టర్‌సాబు పోయారన్న కబురు బాన్సువాడ నుంచి మా అన్న తెచ్చాడు. హైదరాబాదులో మా ఇంటి గుమ్మంలో నిలబడి, చెప్పులు విడవకుండానే చెప్పాడు. పొయ్యి మీది పాలు దించి, ఆ గిన్నె ఎక్కడ పెట్టాలో తోచక చేతిలో పట్టుకునే ఉండిపోయాను.

నిజాం కాలంలో ఆయన మా ఊరి బడిలో లెక్కలు చెప్పేవారు. బడిలో ఉర్దూ, ఇంటి అరుగు మీద మాతో తెలుగు. ఆడపిల్లనని నన్ను బడికి పంపకపోతే, సాయంత్రాలు తన కూతురి పక్కన కూర్చోబెట్టి నేర్పారు. అరుగు బండ మీద సుద్దతో పులి-మేక గీతలు గీసేవారు, మమ్మల్ని ఆడించడానికి కాదు. ఇద్దరూ ఒక్క తప్పూ చేయకుండా ఆడితే ఆట ఎటు తేలుతుంది? ఆ ప్రశ్న ఆయన్ని ఏళ్ల తరబడి వదల్లేదు. పులి వైపు కూర్చుని ఒక ఎత్తు వేసి, లేచి, అవతలికి వెళ్లి మేకల వైపు కూర్చునేవారు.

"ఎదుటోడు మంచోడనుకొని లెక్క కట్టొద్దు బేటీ," అనేవారు. "మనకంటె తెలివిగల్లోడు, మన మంచి అస్సలు కోరనోడు అనుకోవాలె. అప్పుడు గుడ నిలిచిందంటె, గదీ లెక్క."

నిజాంసాగర్ కాలువ నీళ్లు వచ్చిన కొత్తలో ఆ మాటకు పరీక్ష వచ్చింది. బీర్కూర్ వైపు పోయే పిల్లకాలువకు మొదట మా పొలం, చివర ఒక ముసలి అవ్వ మడి. తూము మా నాన్న చేతిలో ఉండేది. ఆమె వరి ఎండేది. ఒకరోజు వచ్చి మాస్టర్‌సాబు అరుగు ముందు కూలబడింది.

"బతిమాలి బతిమాలి యాష్టకొచ్చింది సాబ్. ఈ పంట గుడ పోతే మడి ఇడిసిపెట్టి పోవుడే. ఇగ నువ్వే ఏదన్న లెక్క చెయ్యి."

బండ మీది పులులూ మేకలూ చెరిగిపోయాయి. వాటి చోట కాలువ వచ్చింది. ఆలోచన తెగాక ఆయన మా ఇంటికి వచ్చారు. ఆయన పెట్టిన నియమం ఇది: వారం నీళ్ల సమయాన్ని నాన్న రెండు వంతులుగా కోయాలి. ఏ వంతు కావాలో ముందు అవ్వ ఏరుకోవాలి.

"తూము నా పొలంల ఉంటె, ముందు ఏరుకునేది ఆమెనా?"

"అందుకే పటేలా. ఎక్కువ తక్కువ కోస్తివా, నష్టం నీకే."

నాన్న నవ్వాడు. సాబు రాసే నియమం దాటనని పదిమంది ముందు మాట ఇచ్చాడు. ఇచ్చి, గడియ గడియకూ మార్చి కోశాడు: ఒక గడియ ఒక వంతుకు, మరుగడియ రెండో వంతుకు. గడియారంలో రెండూ సరిసమానం. అవ్వ ఒకటి ఏరుకుంది. వారం తిరక్కుండానే మళ్లీ అరుగు దగ్గరికి వచ్చింది.

"నీ లెక్కల నీళ్లు మంచిగ పారినయి సాబ్. నా మడిలనే పారలే."

ఆయన గొడుగు తీసుకుని కాలువ వెంట నడిచారు. నన్నూ రమ్మన్నారు. ఎండిన కాలువ నీళ్లను తాగుతూ తాగుతూ పోతోంది. అవి అవ్వ మడి దరిదాపులకు వచ్చేసరికే తూము మూసే వేళయింది. ఆయన గట్టు మీద కూర్చుని గొడుగు కొనతో మట్టిలో వంతులు గీసుకున్నారు. ఉన్నట్టుండి నవ్వారు.

"ఏం తెలివి మీ నాయనది! రెండు వంతులూ సమానమే. రెండూ ఆమెకు సున్ననే. కాలువ గుడ ఒక ఆటగాడే బేటీ. నేనే లెక్కల పట్టలే."

మర్నాడు నాన్న ఆయన్ని చూస్తూనే గొంతు పెంచాడు. "మాట తప్పిన్నా సాబ్? చెప్పినట్టే కోసిన గద."

"నువ్వు తప్పలే పటేలా. నా నియమం తప్పు. మళ్ల రాసుకొచ్చిన."

"ఇంక ఎన్నిసార్లు రాస్తవ్?"

"నువ్వెన్ని సందులు దొరకబడితే గన్నిసార్లు."

కొత్త నియమంలో ఒక్క మాటే మారింది. తూము తెరిచినప్పుడు కాదు, నీళ్లు ఎవరి గట్టు తాకితే అప్పుడు వాళ్ల వంతు మొదలు. దారిలో పోయిన సమయం ఎవరి ఖాతాలోనూ పడదు, వారంలోంచే తరుగుతుంది. ముక్కలు చేసేకొద్దీ నాన్నకూ మిగిలేది తక్కువే. నాన్నను ఎవరూ బతిమాలలేదు. తానే కూర్చుని ముక్కలన్నీ కలిపి, రెండు పెద్ద వంతులు చేశాడు. మొదటి వంతు రోజున మాస్టర్‌సాబు అవ్వ గట్టు మీద చెప్పులు విడిచి నిలబడ్డారు. మడమలకు తడి తగలగానే గుర్తుగా గొడుగు పైకెత్తారు. ఇక్కడ తూము దగ్గర నాన్న గడియారం చూసుకున్నాడు. ఆ ఏడు అవ్వ వరి కోసింది.

తర్వాత నేను పట్టుబట్టి, బయటినుంచే మెట్రిక్ పరీక్ష కట్టి, యూనివర్సిటీలో లెక్కలే చదివాను. ఆటల గణితం మీద విదేశాల్లో పెద్ద గ్రంథం వెలువడిందని, యుద్ధం ముగిసే రోజుల్లో మా ప్రొఫెసర్ చెప్పారు. సెలవుల్లో వెళ్లి ఆ మాట మాస్టర్‌సాబుకు చెప్పాను.

"అచ్ఛా! అయితే నేనొక్కన్నే పిచ్చోణ్ని గాదన్నట్టు," అని మళ్లీ సుద్ద అందుకున్నారు.

పులి-మేక లెక్క ఆయనకు చివరిదాకా తెగలేదు. అచ్చులో ఆయనది ఒక్క పంక్తి లేదు. దీన్ని పరిశోధన అనవచ్చా అని నేను చాలాసార్లు సందేహించాను. ఇది రాస్తుంటే కూడా ఆ సందేహం పూర్తిగా పోలేదు. అయితే అది ఆయన ముందు పెడితే ఏమనేవారో నాకు తెలుసు: "సందు ఏడున్నదో చూపెట్టు బేటీ, మళ్ల రాస్త."

అన్న కాసేపటికి చెప్పులు విడిచి లోపలికి వచ్చి, మిగతాది చెప్పాడు. సాబును మట్టి చేసిన రోజు వంతు అవ్వ మనవళ్లది. అన్న తూము తెరిచి, నాన్న గడియారం చేతిలో పట్టుకుని కూర్చున్నాడు. దూరంగా, వరి పైన, ఎప్పటిలాగే నల్ల గొడుగు లేచింది.

"ప్రతిసారి లేపంగనే దించుతరు," అన్నాడు అన్న. "ఆ పూట చానాసేపు దించలే."