చొక్కాకి పట్టిన వాసన

మా వదిన నన్ను గుమ్మంలోనే ఆపేసింది. బయట మంచు పడుతోంది. చేతిలో మా ఆవిడ ఇచ్చిన టిఫిన్ క్యారియర్, అందులో ఇడ్లీలు చల్లారిపోతున్నాయి. క్యారియర్ అందుకుంది గానీ నాకు దారి ఇవ్వలేదు.

"నువ్వు లోపలికొస్తే ఆయన ఆగలేరయ్యా," అంది. "నిన్న నువ్వు వెళ్ళిన దగ్గర్నుంచి ఒకటే గోల. ఒక్క సిగరెట్ ఇప్పించవే, ఒక్కటి ఇప్పించవే అని. ముక్కులో గొట్టం పీకేసుకున్నారు. నీ చొక్కా వాసన తగిలితే చాలు, ఆయన ప్రాణం కొట్టుకుంటోంది."

"నోరు పుక్కిలించుకునే వచ్చాను వదినా."

"నోరొక్కటేనా? కోటు, జుట్టు, చేతులు... నువ్వు అందులోనే ఉంటావు కాబట్టి నీకు తెలియదు. మానేసి రా. మానలేకపోతే ఫోన్ చెయ్యి, మాట్లాడిస్తాను."

తలుపు మీద, ఇంట్లో ఆక్సిజన్ వాడుతున్నాం, పొగ తాగొద్దు అని ఒక బోర్డు అంటించి ఉంది. ఆ బోర్డుకేసి వేలు చూపించి, తలుపు మెల్లిగా వేసేసుకుంది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఎడిసన్ నుంచి పిస్కాటవే దాకా ఈ మంచులో డ్రైవ్ చేసుకుని వస్తే, సొంత అన్నయ్యని చూడ్డానికి నాకు పర్మిషనా! కార్‌లో కూర్చుని తలుపు దడేల్మని వేసి, ఏం చేశానో వేరే చెప్పాలా? ఒకటి వెలిగించాను. సగం కాలాక నా కోటు అంచు నేనే ముక్కు దగ్గర పెట్టుకుని చూశాను. వదిన అన్నది నిజమే.

అన్నయ్య నాకంటే పదేళ్ళు పెద్ద. ఊపిరితిత్తులు ఇక పనికిరావన్నారు. ఆస్పత్రుల చుట్టూ తిప్పొద్దు, ఉన్నన్నాళ్ళు ఇంట్లోనే బాధ తెలియకుండా చూసుకోండి అని చెప్పి పంపించేశారు. ఎన్నాళ్ళో ఎవరూ చెప్పలేదు. ఎండాకాలం చూస్తాడని మాత్రం ఏ ఒక్కరూ అనలేదు. అంటే నేను ఆయన పక్కన కూర్చోవాలంటే ఆ చలికాలంలోనే కూర్చోవాలి, కూర్చోవాలంటే సిగరెట్ మానాలి.

మా ఇంట్లో పెద్దవాళ్ళ ముందు సిగరెట్ కాల్చరు. అన్నయ్య నాన్న ముందు ఏనాడూ కాల్చలేదు, నేను అన్నయ్య ముందు కాల్చలేదు. ఆయనకి తెలుసు. ఆయనకి తెలుసని నాకూ తెలుసు. ఓక్ ట్రీ రోడ్ వైపు ఏ పెళ్ళికో, బారసాలకో వెళ్తే, భోజనాలయ్యాక ఆయన పార్కింగ్ లాట్‌లో ఒక మూలకి పోయేవాడు, నేను చెత్త డబ్బాల వెనక ఇంకో మూలకి పోయేవాణ్ణి. ఎవరు ముందు చూస్తే వాళ్ళు వీపు తిప్పేసుకోవాలి. ఇద్దరికీ జుట్టు తెల్లబడినా ఇదే వరస.

ఇక్కడ అమెరికాలోనే పుట్టి పెరిగిన మా అమ్మాయికి ఇది పెద్ద జోకు. "పెదనాన్నకి నువ్వు స్మోక్ చేస్తావని తెలుసు కదా, మరి ఎందుకు హైడ్ చేస్తావ్ నాన్నా?" అనేది. ఎందుకంటే ఏం చెప్పను? చెప్పులు వేసుకుని దేవుడి గదిలోకి ఎందుకు వెళ్ళవు అంటే చెప్పగలనా?

ఒక్క మాట మాత్రం ఉండేది. నేను తిరిగొచ్చి ఆయన పక్కన కూర్చోగానే, నావైపు చూడను కూడా చూడకుండా, "చేతులు కడుక్కో" అనేవాడు. నేను కాలేజీలో ఉన్నప్పటినుంచీ అంతే. విస్తరి ముందున్నా, పేకముక్కలు చేతిలో ఉన్నా, అదే మాట. నేను కిక్కురుమనకుండా లేచి వెళ్ళి సబ్బు పెట్టి కడుక్కుని వచ్చేవాణ్ణి. సిగరెట్ గురించి మా అన్నదమ్ముల మధ్య జన్మలో జరిగిన సంభాషణ ఆ ఒక్క ముక్కే.

మానడం అంతకుముందు చేతకాలేదు. భుజానికి అంటించుకునే పట్టీలు, నమిలే గమ్ములు, అన్నీ అయ్యాయి. ఇక మిగిలింది వేప్, అదే ఆ ఎలక్ట్రానిక్ సిగరెట్. అదీ మంచిది కాదని నాకు తెలుసు, ఎవరూ క్లాసు పీకనక్కర్లేదు. నాకు అప్పుడు కావలసింది ఆరోగ్యం కాదు, వాసన పోవడం. మా న్యూజెర్సీలో పండ్ల రుచులవి అమ్మనివ్వరు, అందుకని నది దాటి పెన్సిల్వేనియా పోయాను. కొట్లో ఆవిడ చేతుల నిండా పచ్చబొట్లు, పాపం ఓపిగ్గా చూపించింది. పొగాకు రుచిది వద్దన్నాను. పుదీనా, పుచ్చకాయ, మామిడిపండు అంటూ చదువుతోంది. మామిడిపండు దగ్గర చెయ్యి చాపాను. మనకి ఇంకేం నచ్చుతుంది!

ఇంట్లో పెద్ద పండగే అయింది. నా కోట్లన్నీ డ్రైక్లీనింగ్‌కి వెళ్ళాయి. మా ఆవిడ అలమారలో బట్టలకి సాంబ్రాణి పొగ వేసింది. ఫైర్ అలారం మోగింది. "మొత్తానికి మీ పొగ వదిలించడానికి నేను పొగ పెట్టాల్సి వచ్చింది," అని నవ్వింది. తర్వాత నేను ఆ వేప్ గొట్టం పిల్లనగ్రోవిలా నోటి దగ్గర పట్టుకోవడం చూసి, "ఏమండీ, నెమలి ఈక కూడా తెచ్చి పెట్టమంటారా?" అంది. నాకు నవ్వు రాలేదు. ఆ రోజుల్లో నాకు దేనికీ నవ్వు రాలేదు.

పొద్దున కాఫీ ముగిసే గుక్కతో మొదలయ్యేది యావ. చెయ్యి దానంతటదే చొక్కా జేబుకి పోయేది. అక్కడ పెట్టె ఉండదు, వేళ్ళు జేబులో తడుముకుని ఖాళీగా బయటికొచ్చేవి. ట్రైన్ కోసం ప్లాట్‌ఫారం మీద నిలబడితే ఒకసారి, ఆఫీసులో మీటింగ్ అవగానే ఒకసారి, భోజనం చేసి లేచాక మరీ ఘోరంగా ఒకసారి. సోంపు నమిలాను, దాల్చిన చెక్క నమిలాను, పెన్ను మూతలు నమిలాను. వేప్ పీలిస్తే నికోటిన్ లోపలికి పోతుంది, కాదనను, తల కాస్త తేలికవుతుంది. కానీ గొంతులో ఆ గరుకు ఉండదు. అసలు దానికి అయిపోవడం అంటూ లేదు. సిగరెట్ వెలిగిస్తాం, కాలుతుంది, నలిపేసి మన పనికి మనం పోతాం. ఇది ఎంతసేపు పీల్చినా అలాగే ఉంటుంది. ఎక్కడ ఆపాలో తెలియక దగ్గొచ్చేదాకా పీల్చేవాణ్ణి. అయినా పెరుగన్నం తినకుండా లేచినట్టే ఉండేది.

ఆవకాయ జాడీ మూత సరిగ్గా పెట్టలేదని మా ఆవిడ మీద ఇల్లు ఎగిరిపోయేలా అరిచాను. ఆవిడ మూత తీసి మళ్ళీ పెట్టింది. ఒకరోజు సిగ్నల్ దగ్గర పక్క కార్‌లో ఎవడో అద్దం దించుకుని కాలుస్తున్నాడు. అంత చలిలోనూ నేను నా అద్దం దించి, తల బయటపెట్టి ఆ గాలి పీల్చాను. వాడు నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు. గ్రీన్ పడింది, వాడు వెళ్ళిపోయాడు. నేను స్టీరింగ్ పట్టుకుని ఏడ్చేశాను. సిగ్గుగా ఉంది చెప్పుకోడానికి, కానీ సిగరెట్ కోసం ఏడ్చానో అన్నయ్య కోసం ఏడ్చానో నాకు ఈ రోజుకీ తెలియదు.

మళ్ళీ వెళ్ళిన రోజు వదిన నా చొక్కా చెయ్యి పట్టుకుని, ఎయిర్‌పోర్టులో సామాన్లు చూసేవాళ్ళలా వాసన చూసింది. కాలర్ దగ్గర కూడా చూసింది. "ఇదేం వాసన, పళ్ళ రసంలాగా?" అంది. చెప్పాను. "అది కూడా లోపలికి తేవద్దు," అని దారి ఇచ్చింది. వేప్ కార్‌లోనే వదిలేసి వెళ్ళడం అలవాటు చేసుకున్నాను. రోజూ సాయంత్రం ఆఫీసు నుంచి నేరుగా అక్కడికే. ఆయన కాళ్ళు పట్టేవాణ్ణి, ఊళ్ళో కబుర్లు చెప్పేవాణ్ణి. నాలుక పీకుతుంటే మంచం పట్టీ మీద వేళ్ళతో తాళం వేసుకుంటూ కూర్చునేవాణ్ణి.

ఒకరోజు అన్నయ్య కళ్ళు మూసుకునే, "మామిడిపళ్ళు వచ్చాయేంట్రా బజార్లోకి?" అన్నాడు.

కిటికీ బయట మోకాలెత్తు మంచు. "ఇంకా లేదన్నయ్యా, మే రావాలిగా," అన్నాను.

"వాసనొస్తోందే. ఎవరో తెచ్చారు. కోసి పెట్టమను మీ వదినని."

వదిన నావైపు చూసింది. నేను చెప్పొచ్చు. ఆ వాసన నాదే అన్నయ్యా, సిగరెట్ మానేశాను, దాని బదులు ఇది పీలుస్తున్నాను అని చెప్పొచ్చు. మానేశానంటే అంతకుముందు కాల్చానని ఆయన మొహం మీద ఒప్పుకున్నట్టే కదా. అంత వయసొచ్చి, ఆ మంచం పక్కన కూర్చుని కూడా నాకు నోరు రాలేదు. "వచ్చాక తెస్తాలే," అన్నాను. ఆయన తలూపాడు. తర్వాత కూడా అడపాదడపా ఆ పండు సంగతి అడుగుతూనే ఉన్నాడు.

చలి తగ్గుముఖం పట్టేసరికి అన్నయ్య బాగా నీరసించిపోయాడు. నొప్పి మందు మత్తులో కళ్ళు తెరవడం మానేశాడు. వినికిడి ముందునుంచే అంతంతమాత్రం, చెవి మిషన్ పెడితే చిరాకని తీసి పారేసేవాడు. అలాంటి ఒక ఆదివారం మధ్యాహ్నం నేను ఆయన చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. వదిన అటుపక్క ఉంది.

"వాడు రావట్లేదేం?" అన్నాడు ఉన్నట్టుండి.

"ఎవరండీ?" అంది వదిన, చెవి దగ్గరికి వంగి.

"వాడేనే. మావాడు. రావడమే మానేశాడు. కోపమొచ్చిందా వాడికి?"

"అయ్యో, రోజూ వస్తున్నాడండీ! ఇదిగో, ఇక్కడే ఉన్నాడు, మీ చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు!" వదిన అరిచినట్టే చెప్పింది.

"అన్నయ్యా, నేనే," అని నేనూ అరిచాను. చెయ్యి గట్టిగా నొక్కాను. ఆయన కాసేపు ముక్కుతో గాలి పీల్చి, నావైపు తల కొంచెం తిప్పాడు.

"పండు తెచ్చే ఆయనా?" అన్నాడు. "కూర్చోండి. మీరు రోజూ వస్తున్నారు పాపం. మావాడికే తీరిక లేదు."

పుట్టి బుద్ధెరిగాక మా అన్నయ్య నన్ను మీరు అనడం అదే మొదటిసారి. చెయ్యి వదిలేసి వంటింట్లోకి వెళ్ళి సింక్ పట్టుకుని నిలబడ్డాను. చూడ్డానికి రోజూ వచ్చాను, చచ్చీ చెడీ మానుకుని వచ్చాను, ఆయన లెక్కలో నేను రానే లేదు. మత్తులో పడిన దగ్గర్నుంచీ కళ్ళు మూసుకుని నా కోసం ఎదురు చూస్తూనే ఉన్నాడు.

వదిన వెనకే వచ్చింది. కొంగుతో మొహం తుడుచుకుంది.

"వెళ్ళు," అంది. "వెళ్ళి ఒకటి కాల్చుకుని రా."

"వదినా!"

"చెప్తున్నాను కదా. ఇంక ఆయన చేత ఏం మానిపిస్తానయ్యా నేను? వీధి చివరికి వెళ్ళి కాల్చు. లైటర్ కార్‌లోనే వదిలేసి రా."

గ్యాస్ స్టేషన్‌లో ఒక పెట్టె కొన్నాను. వీధి చివర, కోటు విప్పేసి, ఉత్త చొక్కాతో నిలబడి వెలిగించాను. మొదటి దమ్ముకి తల తిరిగింది. బాగుంది. దేవుడి మీద ఒట్టు, ఎంతో బాగుంది. అంత బాగున్నందుకు నన్ను నేనే తిట్టుకున్నాను. తర్వాత పీల్చడం ఆపేసి, పసిపిల్లల తలకి సాంబ్రాణి పట్టినట్టు, ఆ పొగ చొక్కాకి పట్టించుకున్నాను. చేతులకి, జుట్టుకి, కాలర్‌కి. చలికి పళ్ళు కొట్టుకుంటున్నాయి. నలిపేసి, నిప్పు లేదని రెండుసార్లు చూసుకుని, లైటర్, పెట్టె కార్‌లో పడేసి లోపలికి వెళ్ళాను.

వదిన ఆపలేదు. మంచం పక్కన కూర్చున్నాను. చాలాసేపు ఏమీ లేదు. ఆక్సిజన్ మిషన్ గుర్రుమంటోంది. ఆయన రొమ్ము పైకీ కిందకీ కష్టంగా ఆడుతోంది. ఇది కూడా ఆలస్యమైపోయిందేమో అనుకున్నాను.

అప్పుడు ముక్కు కొంచెం కదిలింది. నుదురు ముడిపడింది, చిన్నప్పుడు నా మీద కోపమొచ్చినప్పటిలాగే.

"ఏరా," అన్నాడు. "వచ్చావా?"

"వచ్చానన్నయ్యా."

వినపడిందో లేదో. కళ్ళు తెరవలేదు, నావైపు తిరగలేదు.

"చేతులు కడుక్కో," అన్నాడు.

వదిన గోడవైపు తిరిగిపోయింది. ఆ మాటకి నేను ఏనాడూ ఎదురు చెప్పలేదు. ఎక్కడున్నా లేచి వెళ్ళేవాణ్ణి. ఆ రోజు మాత్రం లేవలేదు. ఆ చేతులతోనే ఆయన చెయ్యి పట్టుకుని, వెలుతురు పోయేదాకా అక్కడే కూర్చున్నాను.