ఉంగరం వేలితో తీసిన నమూనా

రిటైర్మెంట్‌కు రెండేళ్లున్నాయనగా, ఎండాకాలం మొదట్లో, నన్ను ఆర్మూరు క్యాంపుకు వేశారు. హోదా సీనియర్ జియాలజిస్టు. పని వాగుల మట్టి సేకరణ. ఎగువన అరిగిన రాయి వానకు కొట్టుకొచ్చి వాగు అడుగున చేరుతుంది. ఆ మట్టిలో ఏ లోహం పాలు ఎక్కువుంటే, దాని మూలం కోసం వాగు వెంట పైకి వెతుకుతాం. పైపొర తీసేసి, అడుగు మట్టిని నైలాన్ జల్లెడలో నీళ్లతో జల్లించి, సంచికి నంబరు వేసి ల్యాబుకు పంపాలి. లోహం అరిగి మట్టిలో కలుస్తుందని ఇత్తడి జల్లెడ వాడకూడదు. చేతికి ఉంగరం ఉండకూడదు.

నా పెళ్లి ఉంగరం ముప్ఫై ఏళ్లుగా వేలికి బిగుసుకుపోయి ఉంది. కోయించడానికి మనసొప్పక, దాని మీద ప్లాస్టర్ చుట్టి పని కానిచ్చేవాణ్ణి. జూనియర్లకు నియమాలు నూరిపోసే పెద్దమనిషిని, నన్ను అడిగేదెవరు!

వేల్పూర్ వైపు ఒక వాగులో తీసిన నలభై ఒకటో నమూనాలో బంగారం మిగతావాటి కంటే ఎన్నో రెట్లు ఎక్కువ వచ్చింది. ఫలితాలు బయట చెప్పకూడదు. మా జీపు డ్రైవరు పసుపు మార్కెట్లో టీ తాగుతూ ఎవరితోనో అనేశాడు. సాయంత్రానికి అది వాట్సాప్‌లో ఊళ్లన్నీ తిరిగింది. నాలుగు రోజులకు, ఆ వాగు పక్కన పసుపు పండించే రాజవ్వ మా క్యాంపుకు వచ్చింది. భర్త దుబాయిలో ఉంటాడు, సేద్యమంతా ఆమెదే.

“సారూ, మా చేను కింద బంగారం ఎల్లిందట గదా. సర్కారోళ్లు గుంజుకుంటరా? ఇప్పుడే అమ్ముకో, తర్వాత ఏం రాదని భూముల బ్రోకరొకడు భయపెడ్తుండు. రేపే రిజిస్ట్రేషన్ అంటుండు. పసుపు విత్తనం మొలకలొస్తున్నది. నాటాల్నా, వద్దా?”

నేనేమీ చెప్పకూడదన్నాను.

ఆ మధ్యాహ్నం అన్నం తిని చెయ్యి కడుక్కుంటుంటే ఉంగరం మీద చూపు పడింది. ఆ వాగులో ప్లాస్టర్ ఊడి కొట్టుకుపోతే, మళ్లీ చుట్టుకోకుండానే జల్లించాను. ఇసుక రాపిడికి ఉంగరమే అరిగి మట్టిలో కలిసిందేమో!

డైరెక్టరుకు ఫోన్ చేశాను. మళ్లీ నమూనా తీసి, ఫలితం తేలేదాకా నోరు మెదపొద్దన్నారు. నాకూ అదే కావాలి. మెమో, ఎంక్వయిరీ, ఆగిపోయే పెన్షన్ కళ్ల ముందు కదిలాయి. అమ్మొద్దని చెప్పాక నిజంగానే బంగారం తేలి, చేను సర్కారు తీసుకుంటే ఆమెకు ఏమని జవాబు చెప్పాలి? మర్నాడంతా గది దాటలేదు.

ఆ మరుసటి ఉదయం ఉండబట్టలేక వెళ్లాను. రాజవ్వ వాకిట్లో కూర్చుని ఉంది. పక్కన తడి గోనెసంచి కింద పసుపు విత్తనం. తప్పు నాదే అయ్యుండొచ్చని చెప్పాను.

“నిన్న పొద్దుగాల చెప్తే మంచిగుండు గద సారూ. సంతకం పెట్టొచ్చిన.”

ఉంగరం కోయించి, అదే చోట మళ్లీ నమూనా తీశాను. బంగారం జాడే లేదు. జరిగింది రాసిచ్చాను. ఒక మెమో వచ్చింది, పెన్షన్ ఆగలేదు. అమ్మకం మాత్రం రద్దు కాలేదు.

తప్పు జరిగిందన్న అనుమానం వస్తే ఆ రోజే చెప్పాలి, రుజువు కోసం ఆగకూడదు. నేనది నేర్చుకునేసరికి రాజవ్వ చేను పోయింది.