కంటి పోగులు, నీటి పోగులు

2025 ఫిబ్రవరి 11, మంగళవారం, ఉదయం ఆరు గంటల యాభై నిమిషాలకు నాయన తన కంటి సంగతి మొదటిసారి నాతో చెప్పాడు.

ఇందుకూరుపేట దగ్గర ఒక రైతు రొయ్యల గుంటలో ఆయన మేత మనిషి. గుంట మూలల్లో వల బిగించిన పళ్లాలను తాళ్లతో ముంచి ఉంచుతారు. వాటిని చెక్‌ట్రేలు అంటారు. మేత చల్లిన కొంతసేపటికి ట్రే పైకెత్తి, ఎంత మిగిలింది, రొయ్య పేగు నిండుగా ఉందా అని చూసి చెప్పాలి. తర్వాతి పూట మేత ఆ మాట మీదే ఆధారపడుతుంది. పదకొండేళ్లుగా ఆ మాట నాయనదే. కాలు నొప్పి అని ఎవరితోనైనా చెప్పుకోవచ్చు. ట్రే చూసే మనిషి కన్ను బాగాలేదని చెప్పుకుంటే ఆ పని పోతుంది.

నేను ఉద్యోగానికి నెల్లూరు బస్సుకు వెళుతూ, టిఫిన్ గిన్నె ఇవ్వడానికి గట్టు మీద ఆగాను. నీటి మీద ఎండ పడుతోంది.

"పాపా, కంటి ముందర పోగులు ఆడతా ఉండాయి. దోమలనుకొని రెండు దినాల్నించి తోలతా ఉండా. నవ్వబాక."

నేను నవ్వలేదు. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేను. మందుల చీటీ అయినా బ్యాంకు కాగితం అయినా నా చేతికే వస్తుంది. ఫోనులో చదివి చెప్పాను: కంటి లోపల జిగురులాంటి పదార్థం ఉంటుంది, వయసుతో అది పలచబడి పోగులు కడుతుంది, వాటి నీడలే అలా తేలుతాయి, ఆకాశమో నీరో చూస్తే మరీ కనిపిస్తాయి.

"అవి నీ కంట్లోవి నాయనా. పట్టించుకోబాక."

చెప్పినదంతా నిజమే. అయితే కొత్తగా కనిపిస్తే వెంటనే వైద్యుడికి చూపించాలని కూడా అందులో ఉంది. నాకు సెలవులు మిగల్లేదు, బస్సు వచ్చే వేళయింది. ఆ వాక్యం ఆయనకు చదివి వినిపించలేదు.

మార్చి రెండో వారంలో, గుంటలో గాలి తోసే మూలన తెల్లటి పోగులు తేలాయి. రొయ్య పేగు చెడితే రెట్ట అలా దారాలుగా నీటి మీదికి వస్తుంది. దానిని వైట్‌గట్ అంటారు. నాయన వాటిని నాలుగు రోజులు చూశాడు. నేను చెప్పినట్లే పట్టించుకోలేదు.

ఐదో రోజు పొద్దున, నేను గిన్నె ఇచ్చే సమయానికే రైతు వచ్చాడు.

"ఏంది మామా ఇది? మూల నిండా దారాలు తేల్తా ఉంటే నీకు కనపడలా?"

"కనపడినాయి."

"కనపడితే చెప్పొద్దా! నీ కన్ను ఉండాదనే గదా మేం ఇంటికాడ కూర్చునేది."

"నా కంట్లోవి అనుకున్నా అబ్బయా."

గట్టు మీద మోటార్లు బాగుచేసే ఆయన పెద్దగా నవ్వాడు. "కంట్లో గూడా గుంట తవ్వినావా పెద్దాయనా? రొయ్యపిల్ల ఎంత ఏసినావు?"

నాయన కూడా నవ్వాడు. మా పాప చెప్పింది అని ఒక్క ముక్క అనలేదు. నాకే ఉండబట్టలేదు.

"నేనే చెప్పినా అన్నా. పట్టించుకోవద్దని."

రైతు నన్ను చూసి గొంతు తగ్గించాడు. "చదువుకున్న బిడ్డవు నువ్వు చెప్తే, ఆయన ఇంకేం చూస్తాడమ్మా."

తిట్టి ఉంటే బాగుండేది.

రొయ్య సైజు రాకముందే గుంటంతా పట్టి, వచ్చిన ధరకు అమ్మేశారు. నెల్లూరులో వైద్యురాలు చుక్కలు వేసి పరీక్షించింది. పోగులతో ప్రమాదం లేదంది. కానీ రెండు కళ్లలోనూ శుక్లాలు ముదిరాయి. అందుకే బూడిదరంగు నీడకూ తెల్ల దారానికీ తేడా ఆయనకు తెలియలేదు. "కన్ను పక్కకు తిప్పి ఆపండి. పోగు కూడా వెంట జారితే అది కంటిది, ఉన్నచోటే ఉంటే బయటిది," అంది. ఇంత చిన్న పరీక్ష. తిరుగు బస్సులో నాయన కిటికీలోంచి చూస్తూ దారి పొడుగునా కన్ను తిప్పుతూనే ఉన్నాడు. నాకు కళ్లు మూతలు పడుతున్నా నిద్ర రాలేదు.

రెండు కళ్లకూ ఆపరేషన్లు అయ్యాయి. ఇప్పుడు తెలుపు తెల్లగా కనిపిస్తోందట. పోగులు మాత్రం పోలేదు. రైతు ఆయనను పనిలో ఉంచాడు. ట్రేలు చూసేది వేరే మనిషి. నాయన మేత సంచులు మోస్తున్నాడు.