అమ్మ పెట్టె ముందు ఎత్తుకోని పాట

మొన్న ఆదివారం మా నాగాయలంక చర్చికి కొత్తగా వచ్చిన కుర్ర పాస్టరు గారు ఇంటికొచ్చి, మద్రాసులో జాజ్, సోల్ పాటలు పాడిన పెద్దావిడ మన ఊళ్లోనే ఉన్నారట కదా, క్రిస్మస్‌కి ఒక్క పాట పాడాలండీ అని బతిమాలితే నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే కోపమూ వచ్చింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే మరి.

మా కాలంవాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఆడపిల్ల గొంతంటే సన్నగా తీగలా ఉండాలి. నాదేమో మా అమ్మ గొంతు, బొంగురుది. అమ్మ నాట్లు వేస్తూ పాట ఎత్తుకుంటే పక్క చేలోవాళ్లు కూడా అందుకునేవారు. నేను గుడివాడ ఆర్కెస్ట్రాలో చేరితే, మేమంతా మావయ్యా అని పిలిచే యజమాని ప్రతి పాటా రికార్డులో ఉన్న గొంతుతోనే దింపాలని పట్టుబట్టేవాడు, అది నా వల్ల కాక పెళ్లిళ్లలో కోరస్‌లోనే మిగిలిపోయాను. మాతో గిటారు వాయించే బందరు అన్నయ్య మాత్రం అమెరికా నల్లజాతి ఆడవాళ్లు బొంగురు గొంతులతో పాడిన జాజ్, సోల్ రికార్డులు వినిపించి, నీ గొంతు కావాలనేవాళ్లు మద్రాసు హోటళ్లలో ఉన్నారమ్మా అని చెప్పాడు. ఆ మాట పట్టుకుని వెళ్లి, ఇంగ్లీషు మాటలు తెలుగు అక్షరాల్లో రాసుకుని బట్టీపట్టి, ఏళ్ల తరబడి హోటల్ బ్యాండులో పాడాను. నా గొంతు దాచుకోకుండా పాడింది అక్కడే, ఆ సంతోషం ఇంతా అంతా కాదు.

అమ్మ ఏనాడూ తప్పుబట్టలేదు. తాను పోయినప్పుడు శవప్పెట్టె గోతిలోకి దింపే వేళ కీర్తన నేనే ఎత్తుకోవాలని మాత్రం మాట తీసుకుంది, చర్చి సంఘంలో ఆడవాళ్లకూ చెప్పి పెట్టుకుంది. మావాళ్లలో ఒకరు ఎత్తుకుంటేనే తక్కినవాళ్లు అందుకుంటారు, ఆ ఒక్కరు లేకపోతే ఎవరూ నోరు తెరవరు.

కబురందుకుని బస్సు దిగేసరికే పెట్టె సమాధుల దొడ్డికి చేరింది. నేను ముందుకెళ్లబోతే సంఘపెద్ద చెయ్యి అడ్డం పెట్టాడు.

“బ్రాందీ తాగేవాళ్ల ముందు పాడిన గొంతమ్మా అది. ఇక్కడొద్దు.”

“మా అమ్మ కోరిందండీ. ఒక్క చరణం.”

ఆయన తల అడ్డంగా ఊపి, వాళ్లలో ఎవరో ఒకరు ఎత్తుకుంటారని ఆడవాళ్లవైపు చూశాడు. వాళ్లేమో తాము ఊరుకుంటే ఆయనే దిగొచ్చి నన్ను పాడనిస్తాడని, అమ్మకిచ్చిన మాట కోసం నోళ్లు బిగించుకున్నారు. ఇలా ఒకరికోసం ఒకరు చూస్తుండగానే, తాళ్లు పట్టుకున్నవాళ్లు బరువు ఆపలేక పెట్టె దింపేశారు. నేను ఎత్తుకోబోతే ఏడుపు అడ్డంపడి గొంతు పెగల్లేదు. మట్టి పడింది. ఊళ్లో ప్రతి చావుకీ పాడిన మా అమ్మ ఒక్క కీర్తన లేకుండా వెళ్లిపోయింది.

మద్రాసు తిరిగి వెళ్లి మళ్లీ పాడాను, పాడకపోతే తిండెక్కడిది? తర్వాత హోటల్‌వాళ్లు బ్యాండు తీసేసి రికార్డులు పెట్టుకున్నారు, నాకేమో గొంతులో కాయ లేచి, ఆపరేషనయ్యాక మాట కూడా గుసగుసే అయింది, ఇక ఊరికి తిరిగొచ్చేశాను.

కాలం మారింది, కాదనను. ఆ సంఘపెద్ద మనవరాలే ఇప్పుడు స్టేజీలమీద ఇంగ్లీషు పాటలు పాడితే సంఘమంతా చప్పట్లు కొడుతోంది, పిల్ల బాగా పాడుతుంది, నాకే కుళ్లూ లేదు. ఈ మారేదేదో మా అమ్మ ఉండగానే మారి ఉంటే ఎవరి సొమ్ము పోయేది? ఇప్పుడు అమ్మ సమాధి దగ్గర నిలబడితే నన్ను అడ్డుకునేవాళ్లు ఎవరూ లేరు, నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రావడం లేదు.