పట్టీ కింద దాగిన నంబరు

జనగామలో, మహబూబాబాద్‌లో పనిచేశాక 2019 వేసవిలో నన్ను భూపాలపల్లికి మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్‌గా వేశారు. అక్కడ నా ముందుకొచ్చేవి ఎక్కువగా బొగ్గు లారీలు, ట్రాక్టర్లు. ఒకరోజు మాత్రం ఒక పాత జీపు వచ్చింది, ట్రాక్టరుకు కట్టిన తాడు వెనక. స్టీరింగ్ దగ్గర కాటారం కిరాణా వ్యాపారి రాజేశం. పక్క సీట్లో పెళ్లికి బయల్దేరినట్టు ముస్తాబైన ఆయన తల్లి.

రాజేశం తండ్రి ఆ జీపులో అడవి అంచు ఊళ్లకు ఉప్పూ పప్పూ చేరవేసేవాడట. ఆయన పోయాక బండి కొట్టం వెనక మూలపడింది. రాజేశం మూడేళ్లపాటు, దుకాణం కట్టేశాక, ఇంటి వాకిట్లోనే దాన్ని విప్పి, అతికి, రంగేసి నిలబెట్టాడు. గడువు దాటిన రిజిస్ట్రేషన్‌ను పునరుద్ధరిస్తే రోడ్డెక్కుతుంది. ఇంజన్ చప్పుడు నికరంగా ఉంది, బ్రేకులు పట్టాయి. చూస్తే నాకే ముచ్చటేసింది.

ఇక మిగిలింది ఛాసిస్ నంబరు. ఇంజన్ మార్చుకోవచ్చు, రేకు పలక ఊడదీసి ఇంకో బండికి కొట్టుకోవచ్చు. ఛాసిస్ దూలంలోకి గుద్దిన అంకెలే బండికి పుట్టుమచ్చ. వాటిమీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది, ఆ అచ్చును ఆర్‌సీతో సరిచూడాలి. ముందు కుడి చక్రం పక్కన వంగి చూశాను. అంకెలు లేవు. నల్లగా మెరిసే ఇనుప పట్టీ ఉంది.

అడిగితే రాజేశం గర్వంగానే చెప్పాడు. "ఆడ దూలం అడుగంచు తుప్పు తిన్నది సార్. మందం పట్టీ ఏసి సుట్టూర వెల్డింగ్ కొట్టిన. ఇగ ఢోకా లేదు."

నంబరు దాని కిందే ఉందని చెప్పేసరికి అతని మొహంలో నెత్తురు చుక్క లేదు.

నంబరు కనబడని బండిని పాస్ చేసే అధికారం నాకు లేదు. అనుమానపు బండిగా పోలీసులకు రాయాలి. అలా అప్పగించిన బండ్ల గతి స్టేషన్ ఆవరణల్లో అందరూ చూసేదే. మూడేళ్లు తుప్పు గీకినవాడి జీపు మళ్లీ తుప్పుకే పోతుంది. పట్టీ కోద్దామంటే, గ్రైండర్ కాస్త లోతుకు దిగినా అంకెలు పోతాయి. వెల్డింగ్ వేడికి ఇప్పటికే కరిగి ఉండొచ్చు కూడా.

సాయంత్రంలోగా నంబరు చూపించకపోతే రాయక తప్పదన్నాను. కఠినంగానే అన్నాను. ఈ ఉద్యోగంలో మెత్తగా ఉంటే దొంగబండ్లన్నీ మన గడపకే వస్తాయి.

ఎదురుగా ఉన్న వెల్డింగ్ షాపు నుంచి రాజేశం గ్రైండర్ తెచ్చుకున్నాడు. పట్టీని ముట్టకుండా చుట్టూ ఉన్న అతుకునే అరగదీసి, ఉలితో లేపమని చెప్పాను. అతను గ్రైండర్‌ను అతుకు మీద ఆనించి, మళ్లీ వెనక్కి తీశాడు. అంతసేపూ సీటు దిగని ఆ తల్లి పైనుంచి కేకేసింది.

"జర ఆగు నాయిన. చాయ తాగి, చెయ్యి కుదిరినంక కొయ్యి. బండి యాడికి పోతది?"

ఆమె పుణ్యాన నాకూ ఒక చాయ వచ్చింది.

అతుకు తెగి పట్టీ లేచింది. కిరోసిన్ గుడ్డతో తుడిచి, కాగితం పెట్టి పెన్సిల్ రుద్దాను. అంకెలు ఒక్కొక్కటే తెల్లగా తేలాయి. ఆర్‌సీతో పోల్చి చదివాను. అన్నీ కలిశాయి. మాట చెప్పగానే రాజేశం "కలిసినయ్ అమ్మా!" అని తల్లికి కేకేశాడు. నాకూ గుండె మీది బరువు దిగింది, దాచడమెందుకు!

అయినా ఆ రోజు పాస్ చేయలేదు. పట్టీ తీశాక దూలం బలహీనమైంది కదా. అంకెల మేర ఖాళీ వదిలి మళ్లీ అతికి తెమ్మన్నాను. వారం తర్వాత వచ్చారు. పట్టీలో అరచేతంత కిటికీ ఉంది. "గీ సారైనా నా కొడుకును బండి నడుపనిస్తవా సారూ?" అంది తల్లి. వంగి, అచ్చు తీసి, సంతకం పెట్టాను. తిరిగి పోయేటప్పుడు ట్రాక్టరు ముందు పోయింది, జీపు తాడు లేకుండా వెనక నడిచింది.

బాగుచేసేవాడు ఇనుము బలం చూస్తాడు, తనిఖీ చేసేవాడు ఆనవాలు చూస్తాడు. బండికి రెండూ కావాలి. పాత బండి విప్పుతామని ఎవరొచ్చినా, స్పానర్ పట్టకముందే ఛాసిస్ నంబరు మీద పెన్సిల్ రుద్దుకొమ్మని రిటైరయ్యేదాకా చెబుతూనే ఉన్నాను.